పళ్ళ మధ్య కుంచె

మా ఆయన నొప్పి దవడది కాదు. ఇప్పుడు మా వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు, అది గుండెదని. గుండెలో పుట్టి, అక్కడ ఉండకుండా దవడలో అద్దెకు దిగిన నొప్పి. అప్పట్లో ఆయనకు తెలియదు, నాకు తెలియదు, వైద్యం చేసిన మా పిట్టకూ తెలియదు. తెలియకపోవడం ఒక ఎత్తు. అది దవడ నొప్పేనని మా దగ్గర సవాలక్ష రుజువులు ఉండటం ఇంకో ఎత్తు. ఆ రుజువులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మొదటి రుజువు ఆయన పని. ఆయన బోర్డులు రాసే పెయింటరు. దుకాణాల పేర్లు, షట్టర్ల మీద అక్షరాలు, గోడల మీద ప్రకటనలు. నిచ్చెన మీద నిలబడి రాసేవాడికి రెండు చేతులు చాలవు. ఒక చెయ్యి రంగు డబ్బాకీ నిచ్చెనకీ పోతుంది, ఒక చెయ్యి రాతకు పోతుంది. మరి రెండో కుంచె ఎక్కడ పెట్టుకోవాలి? పళ్ళ మధ్య. వెడల్పు కుంచెతో అక్షరానికి ఒళ్ళు నింపుతున్నంతసేపూ, అంచులు దిద్దే సన్న కుంచె ఆయన నోట్లో అడ్డంగా ఉండేది. పెళ్ళైన కొత్తలో భోజనం పట్టుకెళ్తే, కుంచె తీయకుండానే పైనుంచి ఏదో అనేవాడు. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. "మీ మాటకంటే మీ అక్షరం నయమండీ" అనేదాన్ని.

రెండో రుజువు ఆయన దవడ చేసే చప్పుడు. నోరు పెద్దగా తెరిస్తే చెవి ముందు టక్కుమనేది. వయసులో ఉన్నప్పటినుంచీ అంతే. పిట్ట చిన్నప్పుడు ముద్ద మింగకుండా మారాం చేస్తే, ఆ చప్పుడు వినిపించి నోరు తెరిపించేవాడు.

పిట్ట మా ఆడపడుచు కూతురు. మాకు పిల్లల్లేరు, మా ఆడపడుచుకు ఓపిక లేదు, అందుకని ఆ పిల్ల మా ఇంట్లోనే పెరిగింది. గుప్పెడంత ఉండేదని ఆయనే పెట్టాడు ఆ పేరు. పెద్దయ్యాక ఫిజియోథెరపిస్టు అయింది. సొంత క్లినిక్కు పెట్టుకుంది. మెడలు, దవడలు పట్టేసినవాళ్ళు దాని దగ్గరకు వచ్చేవాళ్ళు. వేళ్ళు సుత్తుల్లా తయారయ్యాయి, అయినా మాకు పిట్టే.

నొప్పి మొదలైంది కూడా నిచ్చెన మీదే. ఒక మందుల దుకాణం పేరు రాస్తూ పైమెట్టు మీద ఉండగా ఎడమ దవడ లాగేసిందట, చెవి కిందినుంచి పళ్ళ దాకా. దిగి, నీళ్ళు తాగి, కాసేపు కూర్చుంటే పోయింది. మర్నాడు ఎక్కితే మళ్ళీ వచ్చింది. పళ్ళ డాక్టరు ఫోటో తీయించి, పళ్ళన్నీ రాళ్ళలా ఉన్నాయన్నాడు. దవడ కీలు నలిగినట్టుంది, కండరం బిగుసుకున్నట్టుంది, దీనికి కోతలేవీ అక్కర్లేదు, ఫిజియోథెరపీ చేయించుకోమన్నాడు. ఇంట్లో పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది మా పని. నేరుగా పిట్ట దగ్గరకు వెళ్ళాం.

పిట్ట అడగాల్సినవన్నీ అడిగింది. అడగలేదని ఎవరైనా అంటే నేను ఊరుకోను.

"ఛాతీలో నొప్పి గానీ, బరువుగా గానీ ఉంటుందా మామయ్యా?"

ఆయన గుప్పిటతో రొమ్ము మీద దబదబా కొట్టుకున్నాడు. "ఇక్కడా? ఇది రాయే. గోడ కూలినా ఇది కూలదు."

అది అబద్ధం కాదు. ఆయనకు ఛాతీలో ఎప్పుడూ నొప్పి రాలేదు. ఆ నొప్పికి ఆ ఇల్లు నచ్చలేదు, అంతే.

తర్వాత పిట్ట చెవి ముందు వేలు పెట్టి నోరు తెరవమంది. టక్కుమంది. నోట్లో ఏమైనా పట్టుకునే అలవాటుందా అని అడిగింది. ఆయన సంచిలోంచి సన్న కుంచె తీసి చూపించాడు. దాని కర్ర మీద పళ్ళ గుర్తులు, ఎలుక కొరికినట్టు. పిట్ట చప్పట్లు కొట్టింది.

"దొంగ దొరికాడు!"

మేం ముగ్గురం నవ్వాం. అసలు దొంగ అప్పుడు ఆ గదిలోనే ఉన్నాడు.

పిట్ట క్లినిక్కు ఒక పాత భవనంలో మూడో అంతస్తులో, వరండా చివర ఉండేది. ఆ భవనానికి లిఫ్టు ఉంది. ఉంది అంటే ఉంది. దాని తలుపుకు 'మరమ్మతులో ఉంది' అని ఒక అట్టముక్క వేలాడేది. మా ఆయన వచ్చినప్పుడల్లా దాని ముందు ఆగి, ఆ అక్షరాలు రాసినవాడి చెయ్యి విరగ్గొట్టాలని తిట్టి, మెట్లెక్కేవాడు. నా మోకాళ్ళ సంగతి తెలిసీ ఆగేవాడు కాదు. ముసలాడని ఎవరైనా అనుకుంటారేమోనని రెండేసి మెట్లు ఎక్కేవాడు. నేను కమ్మీ పట్టుకుని దేకుతూ పైకి చేరేసరికి ఆయన పిట్ట బల్ల మీద పడుకుని, దవడ పట్టుకుని, చెమటలు కక్కుతూ ఉండేవాడు.

"ఎంతుంది మామయ్యా, పదికి?"

"ఏడు."

అప్పుడు పిట్ట పని మొదలుపెట్టేది. వేడి నీళ్ళలో ముంచి పిండిన తువ్వాలు దవడకు చుట్టేది. చల్లటి జెల్లు రాసి, అల్ట్రాసౌండు మిషను మొనతో చెవి ముందు గుండ్రంగా తిప్పేది. ఆ తర్వాత చేతికి తొడుగు వేసుకుని, బుగ్గ లోపల ఒక వేలు, బయట బొటనవేలు పెట్టి, బిగుసుకున్న కండరాన్ని మెల్లగా పిండేది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. ఆయన అరగంట సేపు కదలకుండా, మెదలకుండా పడుకునేవాడు. మనిషి అంత బుద్ధిగా ఉండటం నేను ఇంకెక్కడా చూడలేదు.

"ఇప్పుడెంత?"

"ఒకటి. అదీ లేదనుకో. నీ హస్తవాసి మంచిదే పిట్టా."

వచ్చేటప్పుడు ఏడు, వెళ్ళేటప్పుడు ఒకటి. ప్రతిసారీ అంతే. ఏ వైద్యమూ అంత కచ్చితంగా పనిచేయదని ఇప్పుడు తెలుస్తోంది. మూడంతస్తులు ఎక్కితే వచ్చిన నొప్పి, అరగంట పడుకుంటే పోయేది. మెట్లు తెచ్చేవి, బల్ల తీసుకెళ్ళేది. మధ్యలో పేరు మాత్రం పిట్టకు వచ్చేది. ఆ పిల్లకు ఎంత సంతోషమో! చిన్నప్పుడు తన నోరు తెరిపించిన మనిషి నొప్పి తన చేతులతో తీస్తున్నానని దానికి కళ్ళు మెరిసేవి. ఆ మెరుపు చూసి మేమిద్దరం మురిసిపోయేవాళ్ళం. ఆ మురిపెం మా ముగ్గురి కళ్ళూ కప్పేసింది.

ఇంటి దగ్గర చేయాల్సినవి కూడా చెప్పింది. పెదాలు కలవాలి, పళ్ళు కలవకూడదు, నాలుక పైపళ్ళ వెనక ఆనాలి. అద్దం ముందు నిలబడి, నాలుక అక్కడే ఉంచి, నోరు తిన్నగా తెరిచి మూయాలి. గట్టివి కొరకకూడదు. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి పెట్టుకోవాలి. పళ్ళ డాక్టరు చేసిచ్చిన ప్లాస్టిక్కు తొడుగు పెట్టుకుని పడుకోవాలి. ఆయన అన్నీ చేశాడు. నలభై ఏళ్ళలో నా మాట ఒక్కటీ వినని మనిషి పిట్ట మాట మంత్రంలా పాటించాడు. నడుముకు కుంచెలు పెట్టుకునే సంచీ కుట్టించుకుని, నోట్లో కుంచె పెట్టడం మానేశాడు.

అయినా నొప్పి వస్తూనే ఉంది. కూరగాయల బరువు మోస్తే వచ్చేది. ఎదురుగాలిలో సైకిలు తొక్కితే వచ్చేది. పిట్ట ప్రతిదానికీ కారణం చెప్పేది. "బరువెత్తేటప్పుడు పళ్ళు బిగిస్తున్నావు మామయ్యా, చూసుకో." చూసుకుంటే నిజమే, బిగిస్తున్నాడు. ఎవరు బిగించరు? మెట్లెక్కేటప్పుడూ బిగిస్తున్నాడట, సైకిలు మీదా బిగిస్తున్నాడట. ఏళ్ళ తరబడి పట్టిన అలవాటు, వదలడానికి టైము పడుతుందట. అబద్ధమైనా అతికినట్టుండాలి అంటారు. ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు, కానీ అన్నీ అతికినట్టే ఉన్నాయి.

ఒకసారి వంటింట్లో దొంగతనంగా వేయించిన వేరుశనగలు నములుతూ నాకు దొరికాడు. డబ్బా సగం ఖాళీ.

"దవడ నొప్పి పుట్టలేదా?" అని గద్దించాను.

"లేదే. చక్కగా నమిలాను" అన్నాడు, అదేదో గొప్ప అయినట్టు.

దవడ నొప్పి ఉన్న మనిషికి వేరుశనగలు నమిలితే రాని నొప్పి, సంచీ మోస్తే ఎలా వస్తుంది? ఆ ప్రశ్న నా నాలుక చివర దాకా కూడా రాలేదు. పథ్యం తప్పాడని తిట్టి, డబ్బా పై అరలో పెట్టేశాను.

అప్పుడే ఆ గోడ వచ్చింది.

ఊరి చివర విత్తనాల గోదాము. దాని పక్కగోడ నాలుగు రోడ్ల కూడలికి కనపడుతుంది. దాని యజమాని ఫ్లెక్సీలతో విసిగిపోయాడట. ఎండకు వెలుస్తాయి, గాలికి చిరుగుతాయి, చేత్తో రాయించాలని అడుగుతూ మా ఇంటికి వచ్చాడు. గోడ నిండా గోదాము పేరు, మనిషి ఎత్తు అక్షరాలు. ఫ్లెక్సీలు వచ్చాక మా ఆయన బతుకు నంబరు ప్లేట్లకూ షట్టర్లకూ దిగిపోయింది. అలాంటి మనిషి ముందు ఆకాశమంత గోడ పరిచారు. యజమాని వెళ్ళాక ఆయన చాలాసేపు కుర్చీలో కూర్చుని, గాలిలో వేలితో వంపులు తిప్పుతూ ఉన్నాడు. ఆ మొహం చూస్తే నాకు భయమేసింది. ఇది దక్కకపోతే ఈయన తట్టుకోలేడు అనిపించింది. అప్పుడు నా భయం అంతవరకే వెళ్ళింది.

పిట్ట ఒప్పుకోలేదు.

"అంత ఎత్తున దవడ పట్టేస్తే చెయ్యి వదిలేస్తావు మామయ్యా. పడితే ఎముక మిగలదు."

"మరెప్పుడు ఎక్కమంటావు? ఈ నెల దాటితే ఆయన ఫ్లెక్సీ వాళ్ళకే ఇచ్చేస్తాడు."

పిట్ట ఆలోచించింది. "నువ్వు వచ్చి ఈ బల్ల మీద కూర్చోగానే, నేను చెయ్యి వెయ్యకముందే, పదికి ఎంత అంటే సున్నా అనాలి. ఆ రోజు ఎక్కు."

"మాట?"

"మాట."

ఆయన కావాలంటే మర్నాడే సున్నా అనేయొచ్చు. అనలేదు. పిట్టకు ఇచ్చిన మాట ఆయనకు కొత్తగా సున్నం కొట్టిన గోడ, దాని మీద గీత పడనివ్వడు. వెళ్ళాడు, ఏడు అన్నాడు. మళ్ళీ వెళ్ళాడు, ఆరు అన్నాడు. మళ్ళీ ఏడు. నెల కరిగిపోతోంది. రాత్రిళ్ళు ఆ ప్లాస్టిక్కు తొడుగు నోట్లో పెట్టుకుని, గోడవైపు చూస్తూ పడుకునేవాడు. ఆయనకు సున్నా రావాలని నేను కోరుకోని పూట లేదు. ఆ సంగతి తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ రోజు మేం భవనం కిందికి వెళ్ళేసరికి లిఫ్టు తలుపుకు అట్టముక్క లేదు. లోపల దీపం వెలుగుతోంది. ఆ ఉదయమే బాగుచేశారట. ఆయన అలవాటు కొద్దీ మెట్లవైపు తిరిగాడు.

"ఏమండీ, నా మోకాళ్ళకు ఇన్నాళ్ళకు మంచి రోజు వచ్చింది. ఈ ఒక్కసారి నాతో రండి" అని చొక్కా చెయ్యి పట్టి లాగాను.

"ముసలమ్మ సరదా" అంటూ ఎక్కాడు. లిఫ్టు మూలుగుతూ పైకి పోయింది. దాంట్లో అద్దం ఉంటే ఆయన నాలుక పైపళ్ళ వెనక పెట్టి నోరు తెరిచి మూశాడు. నేను నవ్వాను.

పిట్ట లోపల మిషను తుడుచుకుంటోంది. వరండా చివర గది కదా, లిఫ్టు చప్పుడు దాని చెవిన పడదు. ఆయన బల్ల మీద కూర్చున్నాడు. పిట్ట అడిగింది. ఆయన జవాబు చెప్పబోయి ఆగాడు. దవడ తడుముకున్నాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"సున్నా" అన్నాడు. ఆయన గొంతు ఆయనకే నమ్మకం లేనట్టు ఉంది. "పిట్టా, నిజంగా సున్నానే."

పిట్ట నిలువుగా మూడు వేళ్ళు నోట్లో పెట్టుకుని చూపించమంది. నోరు ఎంత తెరుచుకుంటుందో చూసే పరీక్ష అది. మూడు వేళ్ళూ పట్టాయి. దవడ కండరం నొక్కి చూసింది, మెత్తగా ఉంది. అది మొదటినుంచీ మెత్తగానే ఉండేదేమో. ఆ పిల్ల వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఆయన దాని తల మీద చెయ్యి పెట్టి, "కోత లేదు, సూది లేదు, డాక్టరమ్మ గెలిచింది" అన్నాడు. ఆ గదిలో మేం ముగ్గురం అంత సంతోషంగా ఇంకెప్పుడూ లేము. మెట్ల సంగతి గానీ లిఫ్టు సంగతి గానీ ఎవరి నోటా రాలేదు. ఎందుకొస్తుంది? ఇంటికి ఎలా వచ్చారని చుట్టాన్ని అడుగుతాం గానీ నొప్పిని అడుగుతామా?

మర్నాటికల్లా గోదాము వాళ్ళు గోడకు వెదురు కర్రలు కట్టి, రెండు ఎత్తుల్లో బల్లలు పరిచారు. కింది బల్లకు ఒక నిచ్చెన, అక్కడినుంచి పై బల్లకు ఇంకో నిచ్చెన. నేను కూడా వెళ్ళాను, నీళ్ళ సీసా, గొడుగు పట్టుకుని. కింద గోదాము వాచ్‌మన్ ఒకడు స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

ఆయన నిచ్చెన ఎక్కుతూ సగంలో ఆగాడు. ఎడమ చెయ్యి దవడ మీదికి పోయింది.

"ఏంటండీ?" అన్నాను.

జవాబుగా, నిచ్చెన మీదే నిలబడి, నాలుక పైన ఆనించి, నోరు తిన్నగా తెరిచి మూశాడు. మళ్ళీ తెరిచి మూశాడు. పిట్ట నేర్పిన వ్యాయామం. వాచ్‌మన్ నావైపు చూశాడు, ఈయనకు మతి ఉందా అన్నట్టు. కాసేపటికి ఆయన బొటనవేలు ఎత్తి చూపించి, పైకి పోయి బల్ల మీద కూర్చున్నాడు. కూర్చున్నాక నొప్పి పోయినట్టుంది. పోతుంది కదా.

ఎండ ఎక్కేసరికి మూడు అక్షరాలకు ఒళ్ళు వచ్చింది. నీలం మీద తెలుపు. నయమైపోయింది కదా అని సన్న కుంచె మళ్ళీ పళ్ళ మధ్యకు చేరింది. నేను చూసీ ఊరుకున్నాను. ఇన్నాళ్ళకు మనిషి మళ్ళీ మనిషిలా కనిపించాడు.

ఫోను మోగింది. పిట్ట.

"ఎలా ఉన్నాడు అత్తయ్యా మామయ్య? నొప్పి వచ్చిందా?"

"ఎక్కేటప్పుడు కొంచెం పట్టిందే. నువ్వు చెప్పినట్టు నోరు ఆడించాడు, పోయింది. ఇప్పుడు రాజాలా కూర్చున్నాడు."

"మరి నిన్న క్లినిక్కుకు ఎక్కి వచ్చినప్పుడు అసలు రాలేదు కదా."

"నిన్న ఎక్కిందెక్కడే? మీ లిఫ్టు బాగైంది కదా, అందులో వచ్చాం. నా మోకాళ్ళు బతికిపోయాయి."

అవతల మిషను ఆపేసిన చప్పుడైంది.

"అత్తయ్యా." పిట్ట గొంతు చిన్నపిల్ల గొంతులా అయిపోయింది. "తినేటప్పుడు మామయ్యకు నొప్పి వస్తుందా? గట్టివి నమిలితే?"

వేరుశనగల డబ్బా గుర్తొచ్చింది. "రాదే" అన్నాను.

"ఎక్కితేనే వస్తుంది. మోస్తేనే వస్తుంది. కూర్చుంటే పోతుంది." అది నాతో కాదు, తనతో తను అనుకుంటోంది. "అత్తయ్యా, అది దవడ కాదు. గుండె. నేను అంబులెన్సు తీసుకుని వస్తున్నాను. మామయ్యను ఎక్కనివ్వకు, దిగనివ్వకు. ఉన్నచోటే కూర్చోబెట్టు. కదలనివ్వకు. ఎలాగైనా సరే, వింటున్నావా? కదలనివ్వకు."

తల ఎత్తి చూశాను. ఆయన కుంచె పళ్ళ మధ్య పెట్టుకుని లేస్తున్నాడు. డబ్బా చేతికి తగిలించుకుని, పై బల్లకు పోయే నిచ్చెన మీద చెయ్యి వేశాడు.

"ఏమండీ, కాసేపు కూర్చోండి!"

చెయ్యి ఊపాడు, ఒక్క అక్షరం అన్నట్టు.

అప్పుడు నా బుర్ర ఎంత వేగంగా తిరిగిందో నాకే తెలుసు. గుండె అని చెబితే నవ్వుతాడు. నవ్వి, తనకేమీ లేదని చూపించడానికి గబగబా దిగుతాడు. నాకు కళ్ళు తిరుగుతున్నాయంటే ఇంకా గబగబా దిగుతాడు. అక్షరం వంకరగా ఉందంటే దూరం నుంచి చూడటానికి దిగుతాడు. ఆయన్ని ఉన్నచోట కూర్చోబెట్టేది లోకంలో ఒక్కటే ఉంది, అలక. ఆయనది అరిచే కోపం కాదు, కూర్చునే కోపం. మనసు విరిగితే గోడవైపు తిరిగి కూర్చుంటాడు, ఇల్లు కూలినా లేవడు, పలకడు. అందుకని అక్షరాన్ని అనలేదు. మనిషిని అన్నాను.

"మీ చెయ్యి పోయిందండీ!"

ఆయన నిచ్చెన మీద నుంచి చెయ్యి తీశాడు. కుంచె నోట్లోంచి తీసి, కిందికి చూశాడు.

"ఏమన్నావ్?"

"చెయ్యి పోయిందన్నాను. మీకు తప్ప ఊరందరికీ తెలుసు. గోదామాయన మీ రాత చూసి ఇచ్చాడనుకుంటున్నారా? జాలిపడి ఇచ్చాడు. ముసలాయన ముచ్చట తీరుద్దామని ఇచ్చాడు."

నలభై ఏళ్ళలో నేను ఆయన్ని చాలా అన్నాను. రాతను ఎప్పుడూ అనలేదు. ఆయన మొహం ఎలా మారిందో ఎండ వల్ల నాకు సరిగా కనపడలేదు. అది నా అదృష్టం. నెమ్మదిగా బల్ల మీద కూర్చున్నాడు. కాళ్ళు గోడవైపు వేలాడేసి, నాకు వీపు పెట్టాడు.

కూర్చున్నాడు. మనసు విరిగితే విరిగింది, కూర్చున్నాడు.

అలక చల్లారితే లేస్తాడు. చల్లారనివ్వకూడదు. కాబట్టి ఆపలేదు. ఫ్లెక్సీ పిల్లలు మీకంటే నయమన్నాను. మీరు రాసిన బోర్డులన్నీ ఎప్పుడో పీకేసి పాత ఇనుము కింద అమ్మేశారన్నాను. మీతో కాపురం చేసి నేను బావుకున్నదేంటన్నాను. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగారు. వాచ్‌మన్ స్టూలు మీద నుంచి లేచాడు.

"అమ్మా, పోనీలెండమ్మా. పెద్దాయన. పైన పని చేసుకుంటున్నాడు" అన్నాడు.

"నువ్వు నోరు మూసుకో" అన్నాను. వాడికి చెప్పేంత టైము నాకు లేదు. ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను ఆ వీపు మీద పెట్టి తిడుతూనే ఉన్నాను. నాకు వచ్చిన మాటలన్నీ అయిపోయాయి. ఇంకా అంబులెన్సు రాలేదు. లేనివి కల్పించి తిట్టాను. ఆయన ముందుకు ఒరిగి నుదురు గోడకు ఆనించాడు. బాగా తగిలిందనుకున్నాను. ఇంకాసేపు లేవడనుకుని, దేవుడా అని లోపల దండం పెట్టుకుని, పైకి మాత్రం ఇంకా గట్టిగా అరిచాను.

అంబులెన్సు వచ్చి ఆగింది. పిట్ట బండి ఆగకముందే దూకింది. చెప్పులు వదిలేసి నిచ్చెన ఎక్కింది. దాని వెనక ఇద్దరు మనుషులు సంచీతో ఎక్కుతున్నారు. వాళ్ళు చేరేలోపు ఆయన ఎక్కడ లేచి నిలబడతాడోనని నాకు భయం.

"చూశారా, మేనకోడలు కూడా వచ్చింది మీ ఘనకార్యం చూడటానికి!" అన్నాను.

పిట్ట ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. భుజం పట్టుకుంది. ఆయన నుదురు తడి రంగు మీద నుంచి జారింది. పిట్ట మెడ మీద రెండు వేళ్ళు పెట్టి చూసింది, చాలాసేపు చూసింది. తర్వాత కిందికి తిరిగింది. నేను ఇంకా ఏదో అంటూనే ఉన్నానట.

"అత్తయ్యా" అంది. "ఇంక తిట్టకు."

పైకెక్కిన ఇద్దరూ బల్ల మీదే చేయగలిగిందంతా చేశారు. డాక్టర్లు ఆ తర్వాత చాలా చెప్పారు. ఆ రోజు కాకపోతే ఇంకో రోజు, నిద్రలోనైనా సరే, ఎప్పుడైనా జరగవచ్చన్నారు. పిట్ట ఆ క్లినిక్కు మూసేసింది. మా ఇంట్లోనే ఉంటోంది, మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా అన్నం తింటున్నాం. దాని తప్పేమీ లేదని నేను దానికి చెబుతాను. నా తప్పేమీ లేదని అది నాకు చెబుతుంది.

నేను అడిగేది ఒక్కటే. ఆయన మొదటి మాట విన్నాడు, అది ఖాయం, తిరిగి చూశాడు కాబట్టి. చివరి మాటలు వినలేదని పిట్ట ఒట్టేసి చెబుతుంది. మధ్యలో ఎన్ని విన్నాడో చెప్పగలిగిన డాక్టరు ఎవరూ లేరు. గోదామాయన మా ఇంటికి వచ్చి, ఆ గోడ మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వను, సగం పేరైనా అలాగే ఉండనీ అన్నాడు. మొన్న నేను ఒక్కదాన్నే వెళ్ళి, రోడ్డు అవతల నిలబడి చూశాను. తెల్లటి అక్షరాలు మూడూ ఎంత నిండుగా, ఎంత తిన్నగా ఉన్నాయో. ఆయన చెయ్యి ఎక్కడికీ పోలేదు. అది ఆయనకు నేను చెప్పలేదు.